జ్వరం మెదడుకి పాకితే: దోమకాటు వైరస్‌ల కాలంలో ఇంట్లో, దారిలో, ఆసుపత్రిలో చేయాల్సినవి

థర్మామీటరు 103 చూపిస్తే ఇల్లంతా హడావిడి పడుతుంది. అదే 100 ఉన్న పిల్ల పొద్దెక్కినా లేవకుండా, పిలిస్తే ‘ఊఁ’ అని మళ్లీ కళ్లు మూసుకుంటే మాత్రం ‘జ్వరం నీరసం, పడుకోనివ్వండి’ అంటారు. భయపడాల్సింది ఈ రెండో పిల్ల గురించే. మెదడుకి వచ్చే ముప్పు ఒంటి వేడిలో కనిపించదు, మనిషి తీరులో కనిపిస్తుంది. అది ఎప్పుడు వస్తుందన్నది జ్వరం మొదలైన తేదీని బట్టి చాలావరకు అంచనా వేయవచ్చు. అందుకే వానాకాలం జ్వరం ఇంట్లోకి రాగానే మందుబిళ్ల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. క్యాలెండర్ మీదో నోటుపుస్తకంలోనో మొదటిరోజు తేదీ, పూట రాసుకోండి. ‘ఓ నాలుగు రోజుల నుంచండీ’ అన్న మాటతో డాక్టరు ఏ పరీక్ష రాయాలో తేల్చుకోలేరు.

ఒక్కో వైరస్‌ది ఒక్కో గడియారం

మెదడువాపు వ్యాధి అని మనం పిలిచే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే జేఈ, వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమల వల్ల వస్తుంది. వైరస్ పందుల్లోనూ కొంగల్లోనూ పెరుగుతుంది, మనిషికి అంటుకున్నాక అక్కడితో ఆగిపోతుంది. దోమ కుట్టిన 4 నుంచి 14 రోజులకు జ్వరం, తలనొప్పి, వాంతులతో మొదలవుతుంది. రెండు మూడు రోజులు మామూలు జ్వరంలాగే సాగి ఆ తరవాత ఫిట్స్, పలవరింత, మగత వస్తాయి. వైరస్ సోకినవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా జబ్బు బయటపడదు. బయటపడి మెదడుదాకా వెళ్లినవాళ్లలో మాత్రం నూటికి 30 మంది దాకా చనిపోతారు, బతికినవాళ్లలో చాలామందికి కాలో చెయ్యో మాటో దెబ్బతింటుంది.

డెంగీ లెక్క తిరగేసి ఉంటుంది. అక్కడ ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడు, అంటే 3వ రోజు నుంచి 7వ రోజు మధ్యలో వస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి జారిపోయి బీపీ పడిపోవడం, లివర్ దెబ్బతినడం, సోడియం తగ్గడం, అరుదుగా మెదడులో రక్తస్రావం, లేదా వైరస్ నేరుగా మెదడుని పట్టడం... దేనివల్లయినా పైకి కనిపించేది ఒకటే: చిరాకు, అసహనం, మగత. ‘జ్వరం తగ్గింది, ఒళ్లు చల్లబడింది’ అని సంతోషించే పూటే జాగ్రత్తగా చూడాల్సిన పూట.

చికున్‌గున్యా కీళ్ల జబ్బుగానే మనకు పరిచయం. కానీ 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపాన్ని అది కుదిపేసినప్పుడు, మెదడుకి పాకిన కేసులు ముఖ్యంగా పసిబిడ్డల్లోనూ 65 దాటిన వృద్ధుల్లోనూ కనిపించాయి. కాన్పు సమయంలో తల్లికి చికున్‌గున్యా ఉంటే, పుట్టిన మొదటి వారంలో బిడ్డకి జ్వరం, పాలు పట్టకపోవడం, ఫిట్స్ రావచ్చు. అలాంటి కాన్పు తరవాత బిడ్డని కనీసం వారం రోజులు డాక్టరు కళ్లెదుట ఉంచాలి.

జికా జ్వరం చాలా తేలిక, చాలామందికి వచ్చినట్టే తెలియదు. దాని దెబ్బ తరవాత తెలుస్తుంది. 2013-14లో ఫ్రెంచ్ పాలినేసియాలో జికా వెనకాలే 42 మందికి గిలాన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు వచ్చింది. తరవాత బ్రెజిల్‌లో గర్భిణులకు సోకి, తల చిన్నగా ఉన్న బిడ్డలు పుట్టారు. మన దేశంలో 2018లో జైపూర్‌లో, 2021లో కేరళలోనూ కాన్పూర్‌లోనూ అది బయటపడింది. గిలాన్ బారీ అంటే వైరస్‌తో పోరాడిన శరీరమే పొరపాటున సొంత నరాల మీద పడటం. కాబట్టి అది జ్వరంతో రాదు, జ్వరం పోయిన వారం నుంచి నాలుగు వారాల లోపు వస్తుంది. డెంగీ, చికున్‌గున్యాల తరవాత కూడా రావచ్చు.

దోమది కాకపోయినా ఈ వరసలో చెప్పాల్సింది చండీపుర వైరస్. నాగపూర్ దగ్గరి చండీపుర గ్రామంలో 1965లో దొరికింది కాబట్టి ఆ పేరు. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉండే ఇసుక ఈగ దీన్ని మోస్తుంది. 2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలు పడిపోతుంటే మొదట జేఈ అనుకున్నారు. పరీక్షల్లో చండీపుర అని తేలింది. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది పోయారు. దీని గడియారం గంటల్లో నడుస్తుంది. పొద్దున జ్వరం వచ్చిన పిల్లవాడికి సాయంత్రానికి ఫిట్స్ రావచ్చు. ‘రేపు చూద్దాం’ అనే మాట పనికిరానిది ఈ జబ్బు దగ్గరే.

ఇంట్లో చూడాల్సిన తీరు

జ్వరం ఉన్నన్నాళ్లూ, అది తగ్గాక ఇంకో రెండు రోజులూ, పగలు నాలుగు గంటలకోసారి, రాత్రి కనీసం రెండుసార్లు లేపి చూడండి. నాలుగు మెట్లు అనుకోండి. మొదటిది, తనంతట తాను కళ్లు తెరిచి మాట్లాడుతున్నాడు. రెండోది, పిలిస్తేనే పలుకుతున్నాడు. మూడోది, భుజం గట్టిగా నొక్కితేనే కదులుతున్నాడు. నాలుగోది, దేనికీ ఉలుకూ పలుకూ లేదు. పారాసిటమాల్ వేసి వేడి తగ్గాక కూడా రెండో మెట్టులోనే ఉంటే ఆసుపత్రికి బయలుదేరాలి. మూడు, నాలుగు మెట్లయితే 108కి ఫోన్ చేయాలి. చూసిన ప్రతిసారీ టైము, మెట్టు నంబరు రాయండి. ‘మధ్యాహ్నం 2 గంటలకు ఒకటి, 6 గంటలకు రెండు, 7 గంటలకు మూడు’ అన్న ఈ చీటీ మీ మాటలన్నిటికంటే డాక్టరుకి ఎక్కువ పనికొస్తుంది.

పెద్దవాళ్లలో మెదడు ఇబ్బంది కొన్నిసార్లు ప్రవర్తనలోనే ముందు బయటపడుతుంది. సంబంధం లేని మాటలు, కొడుకుని గుర్తుపట్టకపోవడం, ఉన్నట్టుండి తిట్టడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం. దీన్ని గాలి సోకిందనీ దిష్టి తగిలిందనీ అనుకుని తాయెత్తు కట్టించేలోపు ఒక రాత్రి పోతుంది. పసిబిడ్డ మాటల్లో చెప్పలేదు కాబట్టి పాలు పీల్చడం మానేయడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువగా ఏడవడం, కీచుగా ఏడుపు, మాడు ఉబ్బి బిగుసుకోవడం చూడాలి. ఆగని వాంతులు, మెడ పట్టేయడం, కళ్లు ఒక పక్కకు తేలేయడం ఏ వయసులోనైనా అపాయమే.

జ్వరం మందులో జరిగే తప్పు ఒకటి ఇక్కడే చెప్పాలి. పారాసిటమాల్ మోతాదు కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. 10 కిలోల పిల్లకి అది 150 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 125 అని ఉంటే 6 మిల్లీలీటర్లు, 250 అని ఉంటే 3 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 100 ఉన్న చుక్కల మందయితే ఒకటిన్నర. పోయినసారి కొన్నది 125, ఈసారి షాపతను ఇచ్చింది 250, మూత మాత్రం అదే కొలత. రెండు రోజుల్లో బిడ్డకి రెట్టింపు మందు పడిపోతుంది. డెంగీలో అప్పటికే నలిగిన లివర్ దాన్ని తట్టుకోలేదు. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ ఈ కాలంలో వద్దే వద్దు. సూదిమందు పొడిపించుకుంటే జ్వరం చప్పున తగ్గిందంటే, అందులో డెక్సా లాంటి స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. అది జబ్బుని తగ్గించదు, మీరు చూడాల్సిన గుర్తుల్ని కప్పేస్తుంది.

ఫిట్స్ వస్తే

మొదట గడియారం చూడండి. తరవాత మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నురగ, వాంతి బయటికి కారిపోవాలి. మెడ దగ్గర గుండీలు విప్పండి, తాయెత్తు తాడు ఉంటే కత్తిరించేయండి. నాలుక కరుచుకుంటాడని చెంచా, వేలు, గుడ్డ ఏదీ నోట్లో పెట్టకండి. పళ్లు విరిగి గొంతులో పడతాయి, లేదా మీ వేలు తెగుతుంది. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు. ఆ నిమిషంలో దానికదే ఆగి ఉంటుంది, పేరు తాళాలకి వచ్చింది. కొట్టుకుంటున్న చేతుల్ని బిగించి పట్టుకోవద్దు. తెలివి పూర్తిగా వచ్చేదాకా నీళ్లు, ఓఆర్ఎస్, పాలు, పసరు ఏదీ నోట్లో పోయొద్దు. మగతలో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెదడువాపు పేరు మీద జరిగే కొన్ని మరణాలకి అసలు కారణం అదే.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకి జ్వరం ఎక్కువైనప్పుడు కొద్ది నిమిషాల ఫిట్స్ వచ్చి పోవడం మామూలే. అలాంటి పిల్ల గంటలోపు మళ్లీ మామూలు మనిషవుతుంది. అయిదు నిమిషాలు దాటినా, రెండోసారి వచ్చినా, ఒకే చెయ్యో కాలో కొట్టుకున్నా, తరవాత మగత వదలకపోయినా అది మామూలు జ్వరపు ఫిట్స్ అనుకోకూడదు. అసలు ఊళ్లో జ్వరాలు ప్రబలి ఉన్నప్పుడు తొలిసారి వచ్చిన ఫిట్స్‌ని ఎవరూ ఇంట్లో తేల్చుకోకూడదు.

దారిలో పక్కకి తిప్పే ఉంచండి, తల భాగం కొంచెం ఎత్తుగా, మెడ వాలిపోకుండా నిటారుగా. మోటారుసైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్తే తల వేలాడి ఊపిరి మూసుకుపోతుంది. నోటుపుస్తకం, టీకాల కార్డు, వాడిన మందుల అట్టలు, సీసాలు సంచిలో వేసుకోండి.

దగ్గర్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే దాన్ని దాటేసి నేరుగా జిల్లా ఆసుపత్రికి పరుగెత్తడం అన్నిసార్లూ మంచిది కాదు. ఆక్సిజన్, ఫిట్స్ ఆపే సూది, వేలిచుక్కతో షుగర్ పరీక్ష పది నిమిషాల పని. షుగర్ పడిపోయిన మెదడు ప్రతి నిమిషం నష్టపోతుంది. గ్లూకోజు ఎక్కిస్తే అక్కడికక్కడే కళ్లు తెరిచే పిల్లలుంటారు.

ఆసుపత్రిలో: నయమయ్యేవాటిని ముందు వెతకాలి

జేఈకీ, డెంగీకీ, చండీపురకీ వైరస్‌ని చంపే మందు లేదు. అలాగని చేతులు ముడుచుకునేదేమీ లేదు. అచ్చం ఇలాగే కనిపించి, మందుంటే లేచి కూర్చునే జబ్బులు నాలుగున్నాయి. పాడేరు, భద్రాచలం లాంటి మన్యం ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లయితే మెదడుకెక్కిన ఫాల్సిపారం మలేరియా. బాక్టీరియా వల్ల మెదడు పొరలకి వచ్చే వాపు, అంటే మెనింజైటిస్. హెర్పిస్ వైరస్ మెదడువాపు. స్క్రబ్ టైఫస్. చివరిదానికి చంకల్లో, గజ్జల్లో, రొమ్ము కింద, మొలతాడు దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నల్లటి పక్కు ఉండవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. బట్టలు మార్చేటప్పుడు మీరే వెతికి చూపించండి, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో నయమవుతుంది. రిపోర్టులు రాకముందే డాక్టర్లు బాక్టీరియాకి సెఫ్ట్రయాక్సోన్, హెర్పిస్‌కి ఎసైక్లోవిర్ మొదలుపెడితే ‘ఏ జబ్బో తేలకుండానే మందులు ఎక్కిస్తున్నారు’ అనుకోకండి. తేలేదాకా ఆగితేనే నష్టం.

పరీక్ష కోసం వెన్నునీరు, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు తీయడానికి సంతకం పెట్టమన్నప్పుడు చాలా కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి, ‘నీరు తీస్తే కాళ్లు పడిపోతాయట’ అని. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది, సూది దిగేది దాని కింద, వెన్నుపాము లేని చోట. తీసేది కొద్ది నీరే, శరీరం దాన్ని కొన్ని గంటల్లో మళ్లీ తయారు చేసుకుంటుంది. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉంటుంది. కాళ్లు పడిపోయినవాళ్లకి జబ్బు వల్ల పడిపోయాయి. అయితే మెదడులో ఒత్తిడి బాగా పెరిగినట్టున్నా, ప్లేట్‌లెట్లు మరీ పడిపోయినా, బీపీ నిలకడగా లేకపోయినా ఈ పరీక్షని డాక్టర్లే వాయిదా వేస్తారు. వాయిదా వేయాల్సింది పరీక్షని, మందుల్ని కాదు.

మొదట రాసుకున్న తేదీ ఇక్కడ అక్కరకొస్తుంది. వైరస్ ప్రొటీన్‌ని పట్టే డెంగీ ఎన్ఎస్1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లో పనిచేస్తుంది, వైరస్ మీదికి శరీరం తయారుచేసే యాంటీబాడీలని పట్టే ఐజీఎం ఆ తరవాతే. జేఈ ఐజీఎం వెన్నునీటిలో నాలుగైదు రోజులకి కనిపిస్తుంది, రక్తంలో ఇంకా ఆలస్యంగా. రెండో రోజున చేసిన పరీక్షలో లేదని వస్తే జేఈ లేనట్టు కాదు, పదో రోజు దగ్గర మళ్లీ పంపాలి. జేఈ, డెంగీ, జికా ఒకే కుటుంబం వైరస్‌లు కాబట్టి ఒకదాని యాంటీబాడీలు ఇంకోదాని పరీక్షలో మెరవవచ్చు. రక్తంలో డెంగీ ఐజీఎం ఉన్నంత మాత్రాన మెదడుని పట్టింది డెంగీయే అని చెప్పలేం. వెన్నునీటి ఫలితానికే విలువెక్కువ. ఎంఆర్ఐలో మెదడు నడిమధ్య ఉండే థాలమస్ రెండువైపులా వాచి ఉంటే అనుమానం జేఈ వైపు మొగ్గుతుంది.

ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ మనవాళ్లకి ఉన్న ధ్యాసలో సగం సోడియం అంకె మీద ఉంటే బాగుండును. డెంగీ రోగి మగతకి సోడియం పడిపోవడం ఒక పెద్ద కారణం, దాన్ని సరిచేయవచ్చు కూడా. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుని సోడియం, షుగర్, లివర్ రిపోర్టులు ఎలా ఉన్నాయని అడగండి.

జ్వరం పోయాక కాళ్లు తేలిపోతుంటే

గిలాన్ బారీ మెల్లగా వస్తుంది. పాదాల్లో తిమ్మిరి, మెట్లెక్కితే మోకాళ్లు వదిలేయడం, గొంతుక్కూర్చుంటే లేవలేకపోవడం, కాళ్ల నుంచి చెప్పులు జారిపోవడం, ఒకటి రెండు రోజుల్లో చేతులకీ రావడం. తెలివి మాత్రం చెక్కుచెదరదు. నీరసమనుకుని సెలైన్ పెట్టించుకుంటారు. డెంగీ జ్వరం ఉండగానే ఒక్క రాత్రిలో కాళ్లు చేతులు పడిపోతే మాత్రం ముందు పొటాషియం పరీక్ష చేయించాలి. అది తగ్గడం వల్ల వచ్చిన పక్షవాతమైతే, పొటాషియం ఇస్తే ఒకటి రెండు రోజుల్లో బలం తిరిగి వస్తుంది.

గిలాన్ బారీలో ప్రాణం తీసేది కాళ్ల బలహీనత కాదు, ఊపిరి కండరాల బలహీనత. నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. మంచం పక్కనే చేయగల పరీక్ష ఇది: నిండుగా ఊపిరి తీసుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి మామూలు వేగంతో పైకి లెక్కపెట్టమనండి. 20 దాకా కూడా రాలేకపోతే ఐసీయూలో ఉండాల్సిన మనిషే. ‘పదకొండు, పన్నెండు’ కంటే ‘లెవెన్, ట్వెల్వ్’ పొట్టివి, కాబట్టి ప్రతిసారీ ఒకే భాషలో లెక్కపెట్టించండి. పొద్దున 30 దాకా వచ్చినవాడు సాయంత్రం 18 దగ్గర ఆగిపోతే, ఆక్సిజన్ మీటరు 98 చూపిస్తున్నా నమ్మకండి. ఆ అంకె పడిపోయేది చిట్టచివర. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం, మంచినీళ్లకి పొలమారడం, గొంతు ముక్కులోంచి వచ్చినట్టు మారడం కూడా ఊపిరికి ముందు హెచ్చరికలే.

మందు రెండు రకాలు: ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఎక్కించడం, లేదా ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం. రెండూ దాదాపు సమానం, రెండూ కలిపి చేస్తే అదనపు లాభం లేదు. ఐవీఐజీ కిలోకి మొత్తం 2 గ్రాములు, అయిదు రోజుల్లో. 50 కిలోల మనిషికి 100 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు రోజుకి 4 చొప్పున 20. బలహీనత మొదలైన రెండు వారాల్లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి, తెలంగాణలో ఆరోగ్యశ్రీకో ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవకో వస్తుందేమో చేరిన రోజే ఆరోగ్యమిత్రని అడగండి, బిల్లు వేశాక కాదు. స్టెరాయిడ్లు ఈ జబ్బులో పనిచేయవని పరీక్షల్లో తేలిపోయింది.

ఇంటికి తెచ్చుకున్నాక

జేఈ నుంచి బతికి బయటపడ్డ పిల్ల ముఖంలో కదలిక లేకుండా, చేతులు వణుకుతూ, ఒళ్లు బిగుసుకుని ఇంటికి రావచ్చు. మొదటి నెలలు వృథా కాకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చండి, వీపు, తుంటి, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. పాదం కిందికి వాలిపోకుండా, కాలికి లంబంగా నిలిచేలా దిండో చెక్కో ఆనించండి. ఒకసారి మడమ వెనక స్నాయువు కుంచించుకుపోతే తరవాత నిలబెట్టడానికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి, బలహీనమైన భుజం కీలు జారుతుంది. తినిపించేటప్పుడు పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చిన్న చెంచాతో పెట్టండి. పలచటి జావకంటే మెత్తగా మెదిపిన పెరుగన్నం తక్కువగా పొలమారుతుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి.

ఫిట్స్ మందు ‘రెండు నెలల నుంచి రాలేదు కదా’ అని ఆపేస్తే ఫిట్స్ మళ్లీ, ఇంకా పెద్దగా రావచ్చు. చెవులు, కళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. వినపడక పలకని పిల్లని బుద్ధిమాంద్యం అనుకున్న సందర్భాలున్నాయి. జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఉచితం. బడి వయసు పిల్లలకి మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంది. ఆరు నెలలైనా లోపం మిగిలితే సదరం శిబిరంలో వైకల్య సర్టిఫికెట్‌కి నమోదు చేయించండి.

మళ్లీ రాకుండా

జేఈకి టీకా ఉంది, ఆ జబ్బు ప్రబలే జిల్లాల్లో ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది: 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. మొదటిది వేయించి రెండోది మరిచిపోయేవాళ్లు చాలామంది, ఇవాళే కార్డు తీసి చూడండి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే జెన్‌వ్యాక్, కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్ రకం నుంచి వచ్చిందే.

క్యూలెక్స్ సంధ్యవేళ నుంచి రాత్రంతా కుడుతుంది, కాబట్టి దోమతెర దానికి సరైన మందు. పందుల్ని ఇళ్లకి దూరంగా ఉంచాలి. వరిలో ఆరుతడి పద్ధతి నీళ్లనే కాదు, దోమపిల్లల్నీ తగ్గిస్తుంది. డెంగీ, చికున్‌గున్యా, జికాలని మోసే ఏడిస్ పగటి దోమ, రాత్రి తెరతో దానికి సంబంధం లేదు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికోసారి తొట్లు, కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రే వంపేసి లోపలి గోడలు పీచుతో రుద్దాలి. గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి, ఊరికే నీళ్లు పారబోస్తే మళ్లీ నీళ్లు పోసిన రోజు పిల్లలవుతాయి. మట్టిగోడల పగుళ్లు పూడ్చడం ఇసుక ఈగ కోసం, ఆ పని వానలు పడకముందే అయిపోవాలి.